గెంట్ సదస్సుకు వీసా వచ్చింది, మీ అందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. బెల్జియంలోని గెంట్ నగరంలో రొయ్యల వ్యాధుల మీద జరిగే సదస్సులో పేపర్ ప్రెజెంట్ చేయడానికి నాకు షెంగెన్ వీసా (యూరప్‌లోని షెంగెన్ దేశాలన్నిటికీ చెల్లే వీసా) వచ్చింది. స్టాంపు పడిన పాస్‌పోర్టు నిన్న చేతికి అందింది. ఇందులో నా కష్టం కంటే నా వెనక నిలబడిన వాళ్ల కష్టమే ఎక్కువ. పేర్లు రాస్తే వాళ్లు ఒప్పుకోరు, అందుకే పేర్లు లేకుండా చెబుతున్నాను.

ముందుగా నెల్లూరు ఆడిటర్ గారికి. మాది విడవలూరు వైపు. మా నాయన రొయ్యల గుంటలు చేస్తాడు, నా ప్రయాణ ఖర్చంతా ఆయనదే. గుంటల మీద బతికే ఇంటి బ్యాంకు ఖాతా ఎట్లా ఉంటుందో మన వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. నెలల తరబడి మేతకు, కరెంటుకు డబ్బు పోతూనే ఉంటుంది. పట్టుబడి (గుంటలో రొయ్యలు పట్టి అమ్మడం) అయ్యాక పెద్ద మొత్తం ఒక్కసారిగా వచ్చి పడుతుంది. అది చూసిన వీసా అధికారికి, అప్లికేషన్ కోసం ఎవరి దగ్గరో తెచ్చి వేసిన డబ్బేమో అన్న అనుమానం రావచ్చు. నాకు అసలు టెన్షన్ అదే. ఆడిటర్ గారు నాయన ఐటీ రిటర్నులు, రొయ్యలు అమ్మిన బిల్లులు వరసగా పేర్చి, ఏ మొత్తం ఏ పట్టుబడిదో ఒక్క పేజీలో రాసిచ్చారు. ఫీజు ఇవ్వబోతే, "మా తమ్ముడి గుంటలో వైట్‌స్పాట్ రోగం వచ్చి రొయ్యలు పోయాయమ్మా, నువ్వు అక్కడ నేర్చుకున్నది వచ్చి వాడికి చెప్పు, చాలు" అన్నారు. తప్పకుండా చెబుతాను సార్.

ఒంగోలు నుంచి ఫోన్లోనే దారి చూపించిన సీనియర్ అక్కకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. వీసా ఫీజు పెద్దవాళ్లకు 90 యూరోలు. శాస్త్ర సదస్సుకు వెళ్లే పరిశోధకులకు అది మాఫీ అని షెంగెన్ వీసా నియమాల్లోనే ఉంది. నేను అడిగిన ట్రావెల్ ఏజెంటు ఆ మాటే ఎత్తలేదు. అక్క చెప్పినట్టు సదస్సు ఆహ్వానం, యూనివర్సిటీ లెటర్ జతచేశాను, మాఫీ వర్తించింది, సర్వీసు చార్జీ మాత్రమే కట్టాను. ఇన్సూరెన్స్ 30,000 యూరోలకు తగ్గకూడదని, షెంగెన్ దేశాలన్నిటికీ చెల్లాలని పాలసీ కాగితం చదివి చూసింది కూడా ఆమే.

ఆహ్వాన పత్రం ఆలస్యంగా వచ్చింది. ప్రయాణానికి కనీసం 15 రోజుల ముందే అప్లికేషన్ పడాలి. ఆ హడావిడిలో నా పరిశోధన గైడ్ మేడమ్ మాట్లాడితే, యూనివర్సిటీ ఆఫీసులో సీనియర్ అసిస్టెంట్ గారు సాయంత్రం ఇంటికి పోకుండా కూర్చుని, నేను తిరిగి వచ్చి పరిశోధన కొనసాగిస్తానని స్పష్టంగా రాసిన ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) మీద సంతకం చేయించి ఇచ్చారు.

చెన్నైలో పిన్ని, బాబాయి. వీసా అపాయింట్‌మెంట్ ముందురోజు పినాకిని రైల్లో దిగితే, రాత్రి పిన్ని లిస్టు పట్టుకుని ఒక్కో కాగితం సరిచూసింది. నేను వేలిముద్రలు ఇచ్చి బయటికి వచ్చేదాకా బాబాయి ఎండలోనే నిలబడ్డాడు.

మన నెల్లూరు, ఒంగోలు పిల్లలు ఎవరైనా సదస్సులకు అప్లై చేస్తుంటే మొహమాటపడకుండా అడగండి. నా కవరింగ్ లెటర్, పట్టుబడి డబ్బుల వివరణ పేజీ నమూనా పంపిస్తాను. అది వాడుకోవచ్చని ఆడిటర్ గారు కూడా చెప్పారు.