లెవెన్స్ హాల్‌కి వెళ్తే చెట్ల మొదళ్లు చూడరా

ఒరేయ్ రవీ,

ఇంగ్లండులో లేక్ డిస్ట్రిక్ట్ వెళ్తున్నావు కదా, అక్కడ కెండల్ అనే ఊరికి దక్షిణాన లెవెన్స్ హాల్ అనే పాత బంగళా, తోటా ఉన్నాయి, దాన్ని మాత్రం వదలకు. ఇల్లూ పాతదే, మధ్యయుగపు బురుజు చుట్టూ బెల్లింగమ్ కుటుంబం పెంచుకుంటూ పోయిన కట్టడం. లోపల గోడలకు అలంకారంగా కొట్టిన తోలు ఒకసారి చూసి తోటలోకి వచ్చెయ్. నీలాంటి మొక్కల పిచ్చోడికి అసలు పని అక్కడే.

కర్నల్ జేమ్స్ గ్రాహమ్ కోసం గియోమ్ బోమాన్ అనే ఫ్రెంచివాడు 1694లో మొదలుపెట్టిన తోట అది. తర్వాతి శతాబ్దంలో ఇంగ్లండులో ఇలా గీతలు గీసి వేసిన తోటల్ని చాలాచోట్ల పీకేసి పచ్చికబయళ్లు చేసేశారు. దీని జోలికి ఎవరూ రాలేదు, అదృష్టం! గొడుగులు, చదరంగం పావులు, జడ్జిగారి విగ్గు, ఇలా చెట్లను కత్తిరించి చేసిన ఆకారాలు వందకు పైగా. ఎక్కువ భాగం యూ అనే సతతహరిత చెట్లే, కొన్ని బాక్స్ అనే చిన్నాకుల పొదలు.

జనమంతా తలెత్తి ఫొటోలు తీస్తుంటారు. నువ్వు మాత్రం వంగి మొదళ్లు చూడు. కింద వెడల్పు, పైకి పోయేకొద్దీ సన్నం, అలా ఉంటేనే అడుగు ఆకులకు వెలుతురు అందుతుంది. పైభాగం ముందుకు పొడుచుకొస్తే నీడపడి కింద ఆకు రాలిపోతుంది, ఉత్త కొమ్మలు బయటపడతాయి. యూ అయితే అప్పుడూ కంగారు అక్కర్లేదు. ముదురు కొమ్మ నుంచి కూడా చిగురు వేస్తుంది. ఒక పక్క మొత్తం కాండం దాకా కొట్టేసి, అది బాగా చిగిర్చాక, ఏడాదికో రెండేళ్లకో, రెండో పక్క కొట్టాలి. రెండూ ఒకేసారి కొడితే చెట్టు నీరసపడుతుంది.

కత్తిరింపు ఏడాదికి ఒక్కసారే, ఆగస్టు చివర్లో మొదలవుతుంది. అప్పటికి ఎదుగుదల నెమ్మదించి ఉంటుంది కనుక కోసిన అంచు వసంతం దాకా చెదరదు. మన కడియం నర్సరీల్లో దురంతా మొక్కలతో చేసే బొమ్మలకు కొన్ని వారాలకోసారి కత్తెర పడాల్సిందే, ఆ లెక్కన వీళ్లది సుఖమే అనుకోకు. నిచ్చెనలు, లిఫ్టులు వేసుకుని నెలల తరబడి చేస్తారు.

యూకి నీళ్లు నిలిచే నేల పడదు, వేర్లు కుళ్లి ఆకు గోధుమరంగుకి తిరుగుతుంది. బాక్స్‌కి తెగులు భయం. ఆకుల మీద గోధుమ మచ్చలు, కొమ్మల మీద నల్లటి చారలు కనిపిస్తే అదే. తడి కత్తెరతో పొద నుంచి పొదకు అంటుతుంది కాబట్టి పొడి రోజునే కోసి, ప్రతిసారీ బ్లేడు తుడవాలి.

తోట చివర గోడ లేనట్టే ఉంటుంది, పొలం కలిసిపోయినట్టు. దగ్గరికెళ్తే కందకం! తోట వైపు నిట్టనిలువు గోడ, పొలం వైపు వాలు. పశువులు ఇటు ఎక్కలేవు, చూపుకీ అడ్డుండదు. ఇంగ్లండులో ఇలాంటి కందకాల్లో బాగా పాతవాటిలో అదొకటి.

పిల్లలు వెంట ఉంటే ఒక్క జాగ్రత్త. యూకి కాసే ఎర్ర పండ్లు చూడముచ్చటగా ఉంటాయి. పైగుజ్జు తప్ప గింజా, ఆకూ, కొమ్మా అన్నీ విషమే, నోట్లో పెట్టుకోనివ్వకు.

నీ
శీను