క్రీడా శాఖ మంత్రి గారికి: శాంపిల్ తీసుకున్న చేత్తోనే ఒక ఈసీజీ కూడా తీయించండి

అయ్యా, నమస్కారం.

ఆటగాళ్ల గుండె పరీక్షల గురించి మీకు ఇది నా నాలుగో లేఖ. మొదటిదానికి "సంబంధిత విభాగానికి పంపాం" అని జవాబు వచ్చింది. రెండోదానికి, ఇది డోపింగ్ (నిషేధిత మందుల వాడకం) విభాగం పరిధిలోకి రాదన్నారు. మూడోదానికి జవాబే లేదు. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను.

నేను ఇరవై రెండేళ్లుగా రన్నింగ్ కోచ్‌ని. తొమ్మిదేళ్లు నా దగ్గర పరుగెత్తిన కుర్రాడు రెండేళ్ల కిందట వార్మప్‌లో పడిపోయాడు. అప్పుడు వాడికి 24 ఏళ్లు. నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డవాడు అలాగే ముందుకు ఒరిగిపోయాడు. ఒళ్లు కొట్టుకుంటుంటే ఫిట్స్ అనుకున్నాం. నేనూ అలాగే అనుకున్నాను. గుండె ఆగినప్పుడు కూడా ఒళ్లు అలా కొట్టుకుంటుందని నాకు ఎవరూ నేర్పలేదు. ఛాతీ నొక్కకుండా, షాక్ ఇవ్వకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గిపోతుందట. ఇది తర్వాత చదివి తెలుసుకున్నాను. గుండెకి షాక్ ఇచ్చే ఏఈడీ మెషిన్ మా మైదానంలో లేదు. అంబులెన్స్ వచ్చేసరికి పంతొమ్మిది నిమిషాలైంది.

మర్నాటికల్లా "ఏదో ఇంజెక్షన్ వేసుకుని ఉంటాడు" అన్నారు. ఆ మాట వాడి తల్లి చెవిన కూడా పడింది. అయ్యా, ఆ ఒక్క ఏడాదిలోనే డోపింగ్ పరీక్షకి వాడి దగ్గర ఆరుసార్లు శాంపిల్ తీసుకున్నారు. ఆరూ నెగెటివే. తెల్లవారకముందే తలుపు తట్టి, ఎదురుగా నిలబడి మూత్రం పట్టుకెళ్లారు. తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా ఎవరూ ఈసీజీ తీయలేదు.

పోస్ట్‌మార్టం రిపోర్టు ఇంటికి చేరడానికి పద్నాలుగు నెలలు పట్టింది. గుండె కండరం పుట్టుకతో వచ్చిన జన్యులోపం వల్ల మందంగా పెరిగిందని, దాన్ని హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి అంటారని అందులో ఉంది. 2003 జూన్‌లో కాన్ఫెడరేషన్స్ కప్ సెమీఫైనల్ ఆడుతూ 28 ఏళ్లకే చనిపోయిన కామెరూన్ ఫుట్‌బాల్ ఆటగాడు మార్క్ వివియన్ ఫోకి ఉన్నది కూడా ఇదే జబ్బు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఇది ఉంటే బిడ్డకి రావడానికి సగానికి సగం అవకాశం ఉంటుంది. చనిపోయినవాడికి ఒక చెల్లెలు ఉంది. ఆ అమ్మాయి కూడా రన్నరే. రిపోర్టు ఏదో బల్ల మీద పడి ఉన్న పద్నాలుగు నెలలూ ఆ అమ్మాయి రోజూ పరుగెత్తింది, నేనే పరుగెత్తించాను. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు. తర్వాత మేమే పరీక్ష చేయించాం. ప్రస్తుతానికి బాగానే ఉంది, కానీ మళ్లీ మళ్లీ చూపించుకుంటూ ఉండాలన్నారు.

డోపింగ్ లేదని నేను అనడం లేదు. ఉంది. స్టెరాయిడ్లు గుండె గోడల్ని మందం చేస్తాయి, చెడు కొలెస్ట్రాల్ పెంచి మంచిదాన్ని తగ్గిస్తాయి. ఎర్రకణాలు పెంచే ఈపీవో అనే మందు రక్తాన్ని చిక్కబరుస్తుంది, గడ్డ కట్టే ప్రమాదం పెంచుతుంది. ఉత్తేజక మందులు అలసటని తెలియనివ్వవు, ఆగాల్సిన చోట మనిషిని ఆగనివ్వవు. 1967లో టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందెంలో మాన్ వాంటూ కొండ ఎక్కుతూ చనిపోయిన టామ్ సింప్సన్ రక్తంలో యాంఫిటమిన్లనే ఉత్తేజక మందులు దొరికాయి.

ఆట మానేశాక నా దగ్గర నిజం చెప్పిన కుర్రాడు ఒకడున్నాడు. రాత్రిళ్లు గుండె దడదడలాడి లేచి కూర్చునేవాడట. టీమ్ డాక్టర్ "ఏమైనా వాడుతున్నావా?" అని అడిగితే విటమిన్లు అన్నాడట. నిజం చెబితే నాలుగేళ్ల నిషేధం అని భయం. పట్టుబడతానన్న టెన్షన్ ముందు ప్రాణభయం చిన్నదైపోయింది వాడికి.

నేను నాలుగు లేఖల్లోనూ చెబుతున్నది ఈ సంగతే. కఠినమైన శిక్షణ వల్ల ఆరోగ్యవంతుడి గుండె కూడా మందమవుతుంది. స్టెరాయిడ్ల వల్లా అవుతుంది, వంశపారంపర్య జబ్బు వల్లా అవుతుంది. స్కానింగ్‌లో కొన్నిసార్లు మూడూ ఒకేలా కనిపిస్తాయి. ఆటగాడు నిజం చెప్పకపోతే డాక్టర్ ఎలా తేల్చుకుంటాడు? కొన్ని వారాలు శిక్షణ ఆపి, మందం తగ్గుతుందా అని చూసే పద్ధతి ఉంది. కానీ ఆగితే టీమ్‌లో చోటు పోతుంది కాబట్టి ఎవరూ ఆగరు. ఆగినవాడి చోటు కాపాడతామని మీరు ఒక్క మాట రాసివ్వలేరా?

డాక్టరుకి చెప్పింది డాక్టరు దగ్గరే ఉండాలి. అది శిక్ష వేసేవాళ్ల దగ్గరికి వెళ్లకూడదు. ఇదేమీ ఎవరూ చేయనిది కాదు. ఈపీవోని పట్టే పరీక్ష ఇంకా రాని రోజుల్లో, 1997లో, అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య రక్తంలో ఎర్రకణాల శాతానికి 50 అని హద్దు పెట్టింది. దాటినవాడిని దోషి అనకుండా ఆరోగ్యం పేరుతో రెండు వారాలు పక్కన కూర్చోబెట్టింది. కొందరు 49 దాకా ఎక్కించుకుని దాన్ని దుర్వినియోగం చేశారు, నిజమే. అయినా ప్రాణాన్నీ శిక్షనూ విడదీసి చూడవచ్చని ఒకసారి ఒప్పుకున్నారు కదా.

ఇటలీలో 1982 నుంచి పోటీలకు దిగే ఆటగాళ్లకు ఈసీజీతో కూడిన పరీక్ష తప్పనిసరి. అక్కడి వెనెటో ప్రాంతంలో యువ క్రీడాకారుల హఠాన్మరణాలు 2004 నాటికి 89 శాతం తగ్గాయని వైద్యులు లెక్క తేల్చారు. ఈసీజీ అన్నిటినీ పట్టదు, నాకు తెలుసు. 2021లో యూరో కప్ మ్యాచ్‌లో కుప్పకూలిన డెన్మార్క్ ఫుట్‌బాల్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్‌ని అన్నేళ్లుగా పెద్ద క్లబ్బుల వైద్యులు చూస్తూనే ఉన్నారు. కానీ అక్కడ మైదానంలో మెషిన్ ఉంది, వాడటం తెలిసినవాళ్లు ఉన్నారు. అతను బతికాడు, మరుసటి ఏడాదే ఛాతీలో, గుండె లయ తప్పితే షాక్ ఇచ్చే పరికరంతో మళ్లీ ఆడాడు.

మా కుర్రాడికి ఆ మెషిన్ లేదు, అయ్యా. మెషిన్లు పెట్టించండి, కోచ్‌లకి నేర్పించండి. చనిపోయినవాడి రిపోర్టు వారాల్లో ఇంటికి చేరేలా చూడండి. కారణం తేలకముందే నింద వేయవద్దని మీ అధికారులకు చెప్పండి. డాక్టరుకి నిజం చెప్పినవాడిని శిక్షించబోమని రాతపూర్వకంగా ఇవ్వండి. ఏదో ఒకటి మొదలుపెట్టండి, అన్నీ ఒకేసారి అడగడం లేదు.

వచ్చే నెలలో సెలక్షన్ క్యాంపు ఉంది. శాంపిల్ సీసాలు మొదటిరోజే వస్తాయి, ఎప్పుడూ ఆలస్యం కాలేదు. ఈసారి వాటి పక్కన ఒక ఈసీజీ మెషిన్ కూడా పంపండి. వచ్చినవాళ్లను నేనే వరుసలో నిలబెడతాను.

ఇట్లు,
ఒక రన్నింగ్ కోచ్