మెడ నొప్పికి గుండీల పరీక్ష

సంపాదకులకు,

మా అన్నయ్య టైలర్. పోయినేడాది వేళ్లు మొద్దుబారి సూదిలో దారం ఎక్కించలేకపోయాడు, కాజాలు వంకరపోయాయి. డాక్టరు దగ్గరికి వెళ్తే "రోజంతా మెడ వంచే పని కదా, స్పాండిలైటిస్" అని కాలరు, నొప్పి మాత్రలు రాశారు. స్పాండిలైటిస్ అంటే మెడ ఎముకల అరుగుదలట, ఎక్స్‌రేలో అది కూడా కనిపించింది. యాభై దాటినవాళ్లలో చాలామంది మెడ ఎక్స్‌రేలో అది ఉంటుందనీ, వెన్నుపాము మాత్రం అందులో కనిపించదనీ మాకేం తెలుసు?

ఎనిమిది నెలలకు నడక తడబడింది. అప్పుడు వేరే డాక్టరు ఎమ్మారై తీయిస్తే వెన్నుపామును నొక్కుతున్న గడ్డ బయటపడింది. ష్వానోమా అన్నారు. నరం తొడుగు నుంచి పుట్టేది, క్యాన్సర్ కాదు, మెల్లగా పెరుగుతుంది.

"మెడ మీద కత్తి పెడితే కాళ్లూ చేతులూ పడిపోతాయి" అని బంధువులు ఒకటే భయపెట్టారు. ఆ ప్రమాదం అసలు లేదని డాక్టర్లు కూడా అనలేదు. అందుకే చేతులకు, కాళ్లకు తీగలు తగిలించి, ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ నరాల సంకేతాలు చూస్తారట. మెడ వెనక ఎముక కొంత తీసి, వెన్నుపాము చుట్టూ ఉండే పొర తెరిచి, మైక్రోస్కోప్‌లో చూస్తూ గడ్డను విడదీశారు. ఖర్చు ఆరోగ్యశ్రీలో పోయింది, ఎమ్మారై డబ్బు మాత్రం మేమే పెట్టుకున్నాం. నడక కుదుటపడింది కానీ కుడిచేతి రెండు వేళ్లకు స్పర్శ పూర్తిగా రాలేదు. ఎక్కువకాలం నొక్కుకుపోయిన నరం మొత్తంగా కోలుకోకపోవచ్చన్నారు. కాజాలిప్పుడు బయట ఇచ్చి వేయిస్తున్నాడు.

మెడ నొప్పి అన్న ప్రతివాళ్లకూ ఎమ్మారై తీయమనడం లేదు. అలా చేస్తే స్కానింగ్ సెంటర్లకు పండగే తప్ప రోగులకు ఒరిగేదేమీ లేదు, ఎక్కువమందికి అది నిజంగానే మామూలు నొప్పి. వెన్నుపాము నొక్కుకుపోతోందేమో అనుమానించడానికి, బస్తీ దవాఖానాలో (పేటల్లోని చిన్న ప్రభుత్వ క్లినిక్‌లో) డాక్టరు మెడ నొప్పితో వచ్చినవాళ్లను చొక్కా గుండీలు పెట్టుకోమని, గీత మీద నడిచినట్టు అడుగు వెంట అడుగు వేయమని అడగడానికి రెండు నిమిషాలు చాలు, మిషన్లేవీ అక్కర్లేదు. తేడా కనిపించినవాళ్లను చీటీ రాసి నేరుగా నిమ్స్, గాంధీ, ఉస్మానియా లాంటి పెద్ద ప్రభుత్వాసుపత్రికి పంపాలి. వాళ్ల ఎమ్మారై ఖర్చు, ఆపరేషన్ ఖాయం కాకముందైనా సరే, ప్రభుత్వమే భరించాలి. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు, బాగుంది. ఆపరేషన్ దాకా చేరాలంటే ముందు జబ్బేదో తెలియాలి కదా.

ఇంకో మాట. ఫిజియోథెరపీకి వారానికి మూడుసార్లు రెండు బస్సులు మారి వెళ్లాలి, వెళ్లిన రోజు దుకాణం మూతే. అది దగ్గర్లోని బస్తీ దవాఖానాలోనే పెట్టండి. మా అన్నయ్య నెల తిరక్కుండానే మానేశాడు.

— ఒక పాఠకురాలు, రామంతాపూర్, హైదరాబాద్