దండల పెళ్లికి చట్టం తోడుండాలి

సంపాదకులకు నమస్కారం.

దేవుణ్ణి నమ్మనివాళ్ల నీతికి ఆధారం ఏమిటని అడిగేవాళ్లు ఆ ప్రశ్నను పెళ్లి దగ్గరే సూటిగా వేస్తారు. అగ్నిసాక్షి లేదు, పైవాడి భయం లేదు, రేపు మాట తప్పితే అడిగేదెవరు? కొట్టిపారేయదగ్గ ప్రశ్న కాదిది. 2022లో గ్లాస్గోలో మానవవాద సంఘాలు ఆమోదించిన ప్రకటన ప్రకారం, నీతికి మూలం ప్రాణులు బాధపడగలగడంలో, బాగుపడగలగడంలో ఉంది. మనిషికి వెలుపల వేరే మూలం అక్కర్లేదు. అది ఒప్పుకున్నాక మన పనివల్ల ఎవరికి ఏం జరిగిందో చూసుకునే బాధ్యత కూడా మనదే. ఆ లెక్కన మన సంఘాలు జరిపిస్తున్న చాలా ఆదర్శ వివాహాలు ఆడపిల్లకు అన్యాయం చేస్తున్నాయి.

సభ పెట్టి, ఉపన్యాసాలిచ్చి, దండలు మార్పించి, ప్రమాణం చదివిస్తారు. తర్వాత శుభలేఖ, ఫొటోలు పట్టుకెళ్లి హిందూ వివాహ చట్టం కింద రిజిస్టర్ చేయించుకోమంటారు. చిక్కు ఇక్కడే వస్తుంది. ఆ చట్టం 7వ సెక్షన్ ప్రకారం వధూవరుల్లో ఒకరి ఆచారం ప్రకారమైనా పెళ్లి తంతు జరిగి ఉండాలి. తంతు జరగని పెళ్లికి సర్టిఫికెట్ ఒక్కటే ప్రాణం పోయదని సుప్రీంకోర్టు 2024 ఏప్రిల్‌లో స్పష్టంగా చెప్పింది. భర్త మరొకరిని చేసుకున్నాడనుకోండి. మొదటి పెళ్లే చెల్లకపోతే రెండోది నేరం కాదు. 'ఎలాంటి తంతూ లేకుండా' అని మనం గర్వంగా శుభలేఖ మీద అచ్చు వేయించిన మాటనే అతని వకీలు కోర్టులో చదువుతాడు. పింఛను, వారసత్వం దగ్గరా ఆమె భార్యనని నిరూపించుకోలేక తిరగాల్సి వస్తుంది.

తమిళనాడు ఈ దెబ్బ తిన్నది. పురోహితుడు లేకుండా జరిగే ఆత్మగౌరవ వివాహాలు చెల్లవని 1950లలో మద్రాసు హైకోర్టు అన్నాక, 1967లో అక్కడి శాసనసభ హిందూ వివాహ చట్టానికి 7ఏ సెక్షన్ చేర్చింది. బంధుమిత్రుల ఎదుట ఒకరినొకరు స్వీకరిస్తున్నామని తెలిసిన భాషలో చెప్పి దండలు మార్చుకున్నా, ఉంగరం తొడిగినా, తాళి కట్టినా ఆ రాష్ట్రంలో హిందువుల పెళ్లి చెల్లుతుంది. తెలుగులో పెళ్లి మంత్రాలు రాసిన త్రిపురనేని రామస్వామి చౌదరి పుట్టిన నేల మనది. తన కూతురి పెళ్లిలో దేవుడి పేరు బదులు సత్యం పేరు చెప్పేందుకు గాంధీజీని ఒప్పించిన నాస్తికవాది గోరా కూడా మనవాడే. అయినా ఆంధ్రప్రదేశ్‌లో గానీ తెలంగాణలో గానీ అలాంటి సెక్షన్ లేదు.

అది వచ్చేదాకా దారి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టమే. ఇద్దరిలో ఒకరైనా కనీసం 30 రోజులుగా ఉంటున్న జిల్లాలో వివాహాధికారికి నోటీసు ఇవ్వాలి. దాన్ని ప్రకటించాక 30 రోజులు ఆగాలి. ఆ తర్వాత ముగ్గురు సాక్షుల ఎదుట డిక్లరేషన్ మీద సంతకాలు. ఇద్దరే సాక్షులతో వెళితే తిప్పి పంపుతారు. అధికారి, సాక్షుల ముందు 'నిన్ను నా చట్టబద్ధమైన భార్యగా, భర్తగా స్వీకరిస్తున్నాను' అన్న అర్థంలో ఇద్దరూ పలకాలి. తెలుగులో చెప్పవచ్చు, కానీ చెప్పి తీరాలి. మిగతా తంతు అంతా మన ఇష్టం. పెద్దవాళ్లు ముహూర్తమో, సెలవులో చూసి వాయిదా వేస్తే నోటీసు ఇచ్చిన మూడు నెలలకు అది చెల్లకుండా పోతుంది, మళ్లీ మొదటికి రావాలి. ఆస్తి పోతుందన్న భయం ఇళ్లలో ఎక్కువ. ఇద్దరూ హిందువులైతే ఉమ్మడి కుటుంబం నుంచి విడిపోయినట్టు కాదని 1976 సవరణే చెబుతోంది.

మేనరికం మాత్రం నిజంగా ఇబ్బందే. ఈ చట్టపు మొదటి షెడ్యూలులో మేనమామ కూతురు, మేనత్త కూతురు, అక్క కూతురు అందరూ నిషిద్ధ వరసలే. ఆచారం ఉందన్నా చాలదు, రాష్ట్ర ప్రభుత్వం దాన్ని గెజిట్‌లో నోటిఫై చేసి ఉండాలి. పెళ్లి మాటలప్పుడే ఇది చెప్పకుండా తీరా ఆఫీసుకు వెళ్లాక తెలుసుకునే స్థితి తేవడం నిర్వాహకుల తప్పు.

నోటీసు అంటించడం అన్నిటికన్నా ప్రమాదకరం. పేర్లు, చిరునామాలు ఆఫీసు గోడ మీద నెల రోజులు ఉంటాయి. కులాంతర, మతాంతర జంటలకు ఆ నెల ఎలా గడుస్తుందో వేరే చెప్పాలా? రెండో పెళ్లిళ్లను అడ్డుకోవడానికే ఇదంతా అన్న వాదనలో బలముంది. అందుకు అధికారి విచారణ చాలు, గోడ అక్కర్లేదు. జంట రాతపూర్వకంగా కోరితేనే ప్రకటించాలని 2021 జనవరిలో అలహాబాద్ హైకోర్టు చెప్పింది కానీ, ఆ తీర్పుకు మన కార్యాలయాలు కట్టుబడాల్సిన పని లేదు. మన సంఘాలు రెండు శాసనసభల ముందూ పెట్టాల్సిన కోరికల్లో 7ఏ తర్వాతిది ఈ గోడ ప్రకటన తీసేయాలన్నదే.

ఇప్పటికే దండలతో పెళ్లి చేసుకుని కలిసి ఉంటున్నవాళ్లు ప్రత్యేక వివాహ చట్టం 15వ సెక్షన్ కింద రిజిస్టర్ చేయించుకోవచ్చు. రిజిస్టర్ చేయించుకునే నాటికి ఇద్దరికీ 21 ఏళ్లు నిండి, ఇద్దరూ ఆ జిల్లాలో 30 రోజులుగా ఉంటూ ఉండాలి. ఇక్కడా నిషిద్ధ వరసలు వర్తిస్తాయి, 30 రోజుల ప్రకటన కూడా తప్పదు. దండల పెళ్లి నాటి నుంచి పుట్టిన పిల్లలకు చట్టబద్ధత వస్తుంది. పెళ్లిళ్లు జరిపించిన సంఘాలు తమ పాత రిజిస్టర్లు తీసి, ఆ జంటలకు ఈ సంగతి ఇప్పుడే తెలియజేయాలి.

— ఒక మానవవాద పాఠకుడు, తెనాలి