ఖడ్గ తిక్కన స్టాంపులో పసుపు ముద్ద

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం అనుబంధంలో ఊహాలోకపు స్టాంపుల మీద వ్యాసం చదివాను. లేని దేశానికి స్టాంపులేంటి, ఉత్తరానికి అంటించడానికి పనికిరాని కాగితం ముక్కకు అంత డబ్బెందుకు అని రాసినాయన బాగానే వెటకారం చేశారు. ఆయన వాటిని భూతద్దం కింద పెట్టి చూసినట్టు లేదు.

ఇంగ్లీషు రచయిత టెర్రీ ప్రాచెట్ 2004లో రాసిన ఒక ఫాంటసీ నవలలో ఉరి తప్పించుకున్న మోసగాడికి మూలపడిన పోస్టాఫీసు అప్పజెపుతారు, వాడు అక్కడ స్టాంపు అనేదాన్ని కనిపెడతాడు. ఆ స్టాంపులను ఇంగ్లండులో విన్‌కాంటన్ అనే చిన్న ఊళ్లో కొందరు నిజంగానే అచ్చేసి అమ్మడం మొదలుపెట్టారు. ఇక్కడే ఉంది తమాషా. షీట్లలో అక్కడక్కడా కావాలనే ఏదో ఒక తేడా పెడతారు, దాన్ని వాళ్లు స్పోర్ట్ అంటారు, అది తమకు దొరుకుతుందేమోనని జనం షీటంతా గాలిస్తారు. 2023లో బ్రిటన్ తపాలా సంస్థ రాయల్ మెయిల్ ప్రాచెట్ నవలల పాత్రలతో అసలు స్టాంపులే వేసి, ఆ మోసగాడు పోస్ట్‌మాస్టరుకు కూడా ఒకటి కేటాయించింది. కథలో స్టాంపు కనిపెట్టినవాడు నిజం స్టాంపెక్కి కూర్చున్నాడు! కథ తెలిసినవాడికి నవ్వొస్తుంది, తెలియనివాడికి అదొక బొమ్మ, అంతే.

అసలు స్టాంపులు దాచుకునేవాళ్లకు అచ్చుతప్పు అంటే పాత పిచ్చి. 1918లో అమెరికాలో 24 సెంట్ల స్టాంపు మీద విమానం తలకిందులుగా పడింది, అలాంటి వంద స్టాంపుల షీటు ఒక్కటే బయటికొచ్చింది. 2013లో వాళ్లే అదే బొమ్మను కావాలని తలకిందులుగా వేసి, ఓ వంద షీట్లలో మాత్రం విమానాన్ని తిన్నగా ఎగరనిచ్చి అమ్మకానికి కలిపేశారు. ఇది కొంచెం లాటరీ టికెట్టు వ్యవహారంలా అనిపించి నాకంతగా నచ్చలేదు. కొన్న ప్రతివాడికీ దొరికే జోకే బాగుంటుంది.

మనవాళ్లకు చేతకాక కాదు. ప్రాచెట్ నవలలో క్యాబేజీ వాసనొచ్చే స్టాంపు ఒకటుంది, మన తపాలా శాఖ 2006లోనే గంధం వాసన స్టాంపు తెచ్చింది, తర్వాత గులాబీ, మల్లె, 2017లో కాఫీ కూడా. అదే ఏడాది రామాయణానికి 11 స్టాంపులు, మహాభారతానికి 18 వేశారు. బొమ్మలు బాగున్నాయి, కాదనను, కానీ ఎవరూ కాస్త కూడా కొంటెగా ఉండరు. కాగితానికి వాసన పట్టించగలిగినవాళ్లు ఒక మూల చిన్న చిలిపిపని చేయలేరా?

మన నెల్లూరుకు కాటమరాజు కథ ఉంది కదా, ఆవుల మందల దొర వీరగాథ. పుల్లరి, అంటే పశువుల మేతకు కట్టే పన్ను దగ్గర నెల్లూరు రాజు నల్లసిద్ధితో తగాదా, మధ్యలో చిలుక చావు, ఎర్రగడ్డపాడు యుద్ధం, మందలో బొల్లావు, వీటికి మించిన ఫాంటసీ ఎక్కడ దొరుకుతుంది? యుద్ధం నుంచి వెనక్కొచ్చిన రాజుగారి సేనాని ఖడ్గ తిక్కనను ఎద్దేవా చేస్తూ, ఆడవాళ్లకు పెట్టినట్టు పెళ్లాం స్నానానికి మంచం అడ్డుపెట్టి, పక్కన పసుపు ముద్ద పెట్టిందే, ఆ పసుపు ముద్దను ప్రతి స్టాంపులోనూ ఎక్కడో ఒకచోట దాచాలి. డాలు పక్కన, ఆవు మెడలో గంట వెనక, రాజుగారి సింహాసనం కాళ్ల దగ్గర. చిలుక మొదటి స్టాంపులో కొమ్మ మీద ఉండాలి, రెండో దాంట్లో ఖాళీ కొమ్మే ఉండాలి, ఎందుకో మా పెద్దవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. మందలో ఒక్క ఒంగోలు గిత్త మాత్రం అందరి వైపూ కోపంగా చూస్తుండాలి, ఎందుకంటే 2000లో దేశవాళీ పశువుల మీద వేసిన నాలుగు స్టాంపుల్లో గిర్, కాంగాయం, కాంక్రేజ్, హల్లికర్ ఉన్నాయి, దానికి చోటు దక్కలేదు. ప్రకాశం జిల్లావాళ్లు ఆ చూపు చూడగానే పట్టేస్తారు.

మై స్టాంప్ ఉంది కదా, మూడొందలు కట్టి మీరే వేయించుకోండి అని ఒక కౌంటర్లో అన్నారు. మామూలు స్టాంపు పక్కన మన ఫొటో వేసిస్తారు, పెళ్లిళ్లకు బాగుంటుంది, కానీ ఒక స్టాంపు నుంచి ఇంకోదానికి సాగే జోకు అందులో కుదరదు. అది బొమ్మ గీసేవాడు మొదట్నుంచీ అనుకుని చేయాల్సిన పని, పైగా ప్రతి మూలా నింపేయకుండా చేతిని కాస్త ఆపుకోవాలి కూడా.

ఇంకో సంగతి. మీరు వ్యాసంతో వేసిన ఫొటోలో స్టాంపుల అంచులన్నీ కోసేశారు, వాటిలో సగం చిలిపి ఆ అంచుల దగ్గరే ఉంటుంది. ఈసారి అంచుల రంపపు పళ్లతో సహా మొత్తం షీటు వేయండి, కాస్త పెద్దగా.

– ఒక పాఠకుడు, కావలి