ఏడేళ్ల తర్వాత ఆ పిల్ల ఏ ఊళ్లో ఉంటుంది?

సంపాదకులకు నమస్కారం.

కోనసీమ మీద డాక్యుమెంటరీ అనగానే కొబ్బరితోటల మీద డ్రోన్ షాట్లు, పంటు మీద గోదావరి దాటడం, పూతరేకులు, ప్రభల తీర్థం. ఇవి చాలానే వచ్చాయి. ఇక్కడి పిల్లల్ని కొందరిని ఎంచుకుని, కొన్నేళ్లకోసారి మళ్లీ ఆ పిల్లల దగ్గరికే వెళ్లి, పెద్దయ్యే దాకా తీసే సినిమా ఒకటి రావాలని మా కోరిక. డెల్టాలో షార్ట్ ఫిల్ములు తీసే కుర్రాళ్లు, మీడియా విద్యార్థులు దీనికి పూనుకోవాలి. అయితే ఈ పని చెడేది షూటింగ్ రోజున కాదు, రెండు షూటింగుల మధ్య గడిచే ఏళ్లలో. ఆ ఏళ్ల కోసమే ఈ ఉత్తరం.

బ్రిటన్‌లో గ్రనాడా టెలివిజన్ 1964లో ఏడేళ్ల పిల్లలు 14 మందితో ‘సెవెన్ అప్’ తీసింది. అప్పటికది ఒక్కసారితో సరి అనుకున్న కార్యక్రమం. దానికి పిల్లల్ని వెతికిపెట్టిన వారిలో ఒకరైన మైకేల్ ఆప్టెడ్ 1970లో మళ్లీ వాళ్ల దగ్గరికి వెళ్లాడు. అక్కడి నుంచి ఏడేళ్లకోసారి వెళుతూనే ఉన్నాడు. 2019లో ‘63 అప్’ వచ్చింది, 2021 జనవరిలో ఆయన పోయాడు. ఆ 14 మందిలో ఆడపిల్లలు నలుగురే. అది తప్పయిందని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. మొదటి రోజు ఎంపికను యాభై ఏళ్ల తర్వాత దిద్దలేం.

తూర్పు జర్మనీలో ఓడర్ నది పక్క పల్లపు సాగునేలలో గోల్‌జోవ్ అనే ఊరుంది. 1961లో అక్కడ బడిలో చేరిన పిల్లల్ని విన్‌ఫ్రీడ్ యుంగే తీయడం మొదలుపెట్టాడు. ఆయన, భార్య బార్బరా కలిసి 2007 దాకా తీశారు. మధ్యలో 1990లో ఆ దేశమే లేకుండా పోయింది. తీయించిన ప్రభుత్వ స్టూడియో కూడా పోయింది. సినిమా నిలిచిందంటే ఆ దంపతులు వదలకపోవడం వల్లే.

మన దగ్గర ఇలాంటి ఓపిక అసలు లేదని కాదు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపే ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3,000 మంది పిల్లలతో మొదలై, ఏళ్ల తరబడి వాళ్లనే మళ్లీ మళ్లీ కలుస్తూ వచ్చింది. అందులో పశ్చిమ గోదావరి జిల్లా కూడా ఉంది. కానీ అది సర్వే, పేర్లూ ఊళ్లూ బయటికి రావు. సినిమాలో ముఖం దాచలేం. చిక్కులన్నీ అక్కడే మొదలవుతాయి.

చివరికి పది పన్నెండు మంది మిగలాలంటే ఏడేళ్ల పిల్లలు 18 మందితో మొదలుపెట్టి ఏడేళ్లకోసారి తీయాలి. సగం మంది ఆడపిల్లలు ఉండాలి. లంక గ్రామం, వేటకు వెళ్లే ఇల్లు, కౌలు రైతు ఇల్లు, కొబ్బరికాయల దింపు కార్మికుడి ఇల్లు, రొయ్యల చెరువు కాపలా కుటుంబం, బండారులంక మగ్గం, నరసాపురం వైపు లేసు అల్లే ఇల్లు, తల్లి కువైట్‌లో ఉంటే అమ్మమ్మ దగ్గర పెరిగే బిడ్డ, అమలాపురంలో కాన్వెంటుకు వెళ్లే డాక్టరుగారి అబ్బాయి. ఇవేవీ తప్పిపోకూడదు. గలగలా మాట్లాడే పిల్లల్నే ఏరుకోవద్దు. ఏడేళ్లప్పుడు నోరు మూయనివాడు పద్నాలుగేళ్లకు నోరు విప్పకపోవడం మామూలే.

అసలు కష్టం వెతకడంలో ఉంది. మన ఆడపిల్లకు పెళ్లితో ఇంటిపేరు మారుతుంది, ఊరు మారుతుంది, చాలాసార్లు ఫోన్ నంబరూ మారుతుంది. బడి రిజిస్టరులోని పేరు పట్టుకుని 21 ఏళ్ల అమ్మాయిని కనుక్కోలేం. అందుకని మొదటి రోజే ఒక్కొక్కరికి నాలుగు ఆనవాళ్లు రాసుకోవాలి: తండ్రి ఫోను, మేనమామ పేరూ ఊరూ ఫోనూ, ఆ వీధిలో ఎప్పటినుంచో ఉన్న కిరాణా కొట్టు, చదివే బడి. వీటిలో మేనమామే గట్టి ఆధారం. కాపురం ఎక్కడికి మారినా పెళ్లికీ పురిటికీ ఆయనకు కబురు వెళ్లకుండా ఉండదు. చిరునామాను నమ్ముకోవద్దు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలే మారాయి, తూర్పు గోదావరిలోని అమలాపురం కోనసీమ జిల్లాలోకి వచ్చింది. ఏటిగట్టు లోపలి లంకల్లోనైతే వరద కోతకు ఇల్లు స్థలంతో సహా పోతుంది. ఊరి పేరుతో పాటు రేవు పేరు, ఫోనులో చూపే అక్షాంశ రేఖాంశాలు కూడా రాసిపెట్టుకోండి.

ఏటా ఒకసారి పలకరించాలి. దానికి సంక్రాంతిని మించిన అదను లేదు, ఎక్కడెక్కడి వాళ్లూ ఊరు చేరతారు. కానీ ఆ మూడు రోజుల్లో కెమెరా తీయకండి. కొత్త బట్టలు, చుట్టాలు, కోడిపందేల బరుల దగ్గర మైకుల హోరు. రోజువారీ బతుకు కనబడదు, మాట వినబడదు. పండగ వెళ్లాక జనవరి చివరి వారం మంచిది. దాళ్వా (రెండో పంట వరి) నాట్లు పడుతుంటాయి, రోడ్లు పొడిగా ఉంటాయి. ప్రతి విడతా అదే వారంలో తీయాలి. ఒకసారి వేసవిలో, ఒకసారి వానల్లో తీసి పక్కపక్కన పెడితే మనిషి మారాడో రుతువు మారిందో తేలదు.

ఇంటర్వ్యూకు కొలతలు మార్చొద్దు. ఫుల్ ఫ్రేమ్ కెమెరా, 50 ఎం.ఎం. లెన్సు, కూర్చున్న మనిషి కంటి ఎత్తు, ఒకటిన్నర మీటర్ల దూరం. ఇవి కాగితం మీద రాసి ఫుటేజీతో పాటే దాచాలి. అయిదు ప్రశ్నలు మాట మారకుండా, వరస మారకుండా అడగాలి: నిన్నంతా ఏం చేశావు, ఇంట్లో ఎవరి మాట చెల్లుతుంది, ఇంటికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, దేనికి భయం, ఏడేళ్ల తర్వాత ఎక్కడుంటావు. మిగతా కబుర్లు ఆ తర్వాత. పాత ఫుటేజీని ముందే చూపిస్తే మనిషి చిన్నప్పటి తనకు సంజాయిషీ చెప్పుకోవడంలో పడతాడు, ఇప్పటి సంగతి దాటిపోతుంది. అంతా అయ్యాక చూపించి, చూస్తున్నప్పుడు వేరేగా తీయండి.

బొమ్మ కాస్త చెడితే సర్దుకోవచ్చు, మాట చెడితే సర్దలేం. రొయ్యల చెరువుల పక్క ఇళ్లలో రాత్రంతా, తెల్లారే దాకా నీళ్లను చిలికే ఏరియేటర్ల మోత ఉంటుంది. నీళ్లలో ఆక్సిజన్ పడిపోయేది అప్పుడే. ఎండెక్కాక పది గంటలకు పెట్టుకుంటే ఆ గోల తగ్గుతుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి లేచిందంటే కొబ్బరి మట్టల చప్పుడు మైకులో వాన కురుస్తున్నట్టే వినిపిస్తుంది. కాలరు మైకుతో పాటు ఇంకో మైకు ఉండాలి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో రికార్డు చేసి, చివర ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం గది చప్పుడు పట్టాలి. ఏళ్ల తర్వాత ఎడిటింగులో అతుకులు వినబడకుండా చేసేది ఆ నిమిషమే.

ఇక దాచడం. సెకనుకు 100 మెగాబిట్ల 4కె వీడియో గంటకు 45 జీబీ. 18 మందికి తలా మూడు గంటలంటే విడతకు 2.4 టెరాబైట్లు, మూడు ప్రతులకు 7 దాటుతుంది. హార్డ్ డిస్కును అయిదేళ్లకు మించి నమ్మొద్దు. ఎస్ఎస్‌డీని కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి బీరువాలో పెడితే డేటా పోవచ్చు. ఎల్‌టీవో అనే డేటా దాచే అయస్కాంత టేపు ఎక్కువ కాలం నిలుస్తుంది గానీ దాన్ని చదివే డ్రైవు నిలవదు. ఎల్‌టీవో-8 డ్రైవు ఏడో తరం, ఎనిమిదో తరం టేపులనే చదువుతుంది, ఆరో తరానిది చదవదు. కాబట్టి తర్వాతి విడత దాకా ఆగకుండా అయిదేళ్లలోపే పాతదంతా కొత్తదానిలోకి ఎక్కించాలి. కాపీ చేసిన రోజే ప్రతి ఫైలుకూ చెక్‌సమ్ (ఫైలు ఏమాత్రం మారినా పట్టిచ్చే సంఖ్య) తీసి ఏటా సరిచూడాలి. ఫైలు తెరుచుకుంటోంది కదా అని ఊరుకుంటే మధ్యలో పాడైన ఫ్రేములు బయటపడవు.

మన తేమకు లెన్సుల మీదా టేపుల మీదా బూజు పడుతుంది. పెళ్లిళ్ల వీహెచ్ఎస్, మినీ డీవీ క్యాసెట్ల గతి ఏమైందో ఏ ఫొటో స్టూడియోలో అడిగినా చెబుతారు. తేమ 40–45 శాతం దగ్గర నిలిపే డ్రై క్యాబినెట్ ఉంటే మేలు. లేకపోతే మూత బిగిసే డబ్బాలో సిలికా జెల్ వేసి, రంగు మారినప్పుడల్లా వేడిచేసి మళ్లీ వాడాలి. ఒక ప్రతి మాత్రం డెల్టా బయట ఉండి తీరాలి. కోనసీమను ఊడ్చేసిన 1996 నవంబరు తుపాను చూసినవాళ్లకు ఎందుకో చెప్పక్కర్లేదు. విశాఖ కూడా తీరమే, 2014లో హుద్‌హుద్ తుపాను అక్కడే తాకింది. హైదరాబాద్ నయం.

మాటలన్నీ రాతలోకి ఎక్కించేటప్పుడు యూనికోడ్ తెలుగులోనే టైపు చేయించండి. యూనికోడ్ కాని అను ఫాంట్లలో పేజ్‌మేకర్ మీద చేసినవి ఆ ఫాంటు లేని కంప్యూటరులో పిచ్చిగీతలుగా కనబడతాయి, వెతుకుదామన్నా ఒక్క పేరు దొరకదు.

అన్నిటికన్నా పెద్దది సమ్మతి. ఏడేళ్ల పిల్లకు తాను దేనికి ఒప్పుకుంటోందో తెలియదు, సంతకం పెట్టేది తల్లిదండ్రులు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా 18 నిండని వారిని పిల్లలుగానే చూస్తుంది. ఇక్కడ మా గట్టి అభిప్రాయం ఒకటుంది. 14 ఏళ్లకూ 21 ఏళ్లకూ తీసే విడతల మధ్య, 18 నిండగానే ఒక పూట తప్పనిసరిగా వెళ్లాలి. పదో తరగతి, ఇంటరు, పెళ్లి చూపులు, వలస అన్నీ మన దగ్గర ఆ ఏడేళ్లలోనే జరిగిపోతాయి. సమ్మతి పత్రం అప్పుడు ఆ అమ్మాయికీ అబ్బాయికీ స్వయంగా చదివి వినిపించి, వాళ్ల గొంతుతోనే రికార్డు చేయాలి. వద్దంటే ఇకపై తీయకూడదు, పాత ఫుటేజీ చూపకూడదు. ఒప్పుకున్నా విడుదలకు ముందు వాళ్ల భాగం వాళ్లకు చూపాలి. అత్తారింట్లో చిక్కు తెచ్చే ఒక్క మాట ఉన్నా తీసేయాలి, సినిమా కొంత చప్పబడినా సరే.

హక్కులు ఒక మనిషి పేరున కాకుండా రిజిస్టరు చేసిన ట్రస్టు పేరున ఉండాలి. విడతకొకరు చొప్పున ముప్పై ఏళ్లలోపు వాళ్లను దర్శకుడి పక్కన చేర్చుకుంటూ పోవాలి. డెల్టాలో ఏ కళాశాల గానీ యువకుల బృందం గానీ ముందుకొస్తే ఆనవాళ్ల పట్టిక, అయిదు ప్రశ్నలు, సమ్మతి పత్రం నమూనాలు తెలుగులో రాసి ఇస్తాం. రెండో తరగతి పిల్లలతో మొదలుపెట్టదలచినవారు బడులు తెరిచిన వెంటనే ఎంపిక చేసుకుంటే జనవరి లోపు తల్లిదండ్రులతో మాట్లాడటానికి ఆరు నెలలు దొరుకుతుంది.

— ఇద్దరు వీడియో ఎడిటర్లు, పాలకొల్లు