ఓడతాత దొరికాడండి, సాయం చేసిన అందరికీ పేరుపేరునా థాంక్స్ (కొంచెం పెద్ద పోస్టు)

రెండేళ్ల నుంచి నా గోల భరించినవాళ్లందరికీ ముందుగా దణ్ణం. ఓడతాత దొరికాడు. రంగంలో (అంటే రంగూన్‌లో) కాదు, మనం ఎవ్వరం అనుకోని చోట, అట్లాంటిక్ అవతల గ్వాడెలూప్ అని ఒక ఫ్రెంచి దీవి ఉంది, అక్కడ.

కథ తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తా. మాది తాళ్లరేవు పక్కన ఊరు, యానాం మాకు పక్కవీధి లాంటిది. పెద్ద పండక్కి పెద్దలకి పెట్టుకునేటప్పుడు మా ఇంట్లో ఒక విస్తరి ఎప్పుడూ విడిగా, గుమ్మం బయట, తూర్పు వైపు సముద్రం ఉన్న దిక్కుకి వేసేవాళ్లు. అది ఓడతాతకి. ఎవరీ ఓడతాత అంటే మా ముత్తాతకి పెదనాన్న, కుర్రతనంలో ఓడెక్కి పోయాడు, మళ్లీ రాలేదు, ఉన్నాడో పోయాడో కబురు లేదు కాబట్టి పెద్దలతో కలిపి లోపల పెట్టకూడదు, అలాగని వదిలెయ్యనూ కూడదు, అందుకని బయట. ఇంతే తెలుసు మాకు. ఓడెక్కాడు అంటే మా వైపు ఇంకేముంది, రంగం వెళ్లాడనే అనుకున్నారు, కాకినాడ నుంచి ఎంతమంది రంగూన్ పోలేదు. నేను కూడా మొదటి ఏడాది మొత్తం బర్మా వైపే వెతికి టైం వేస్ట్ చేశా.

మలుపు న్యూజెర్సీలో వచ్చింది. మా బాబాయి కొడుకు అక్కడ సరదాకి డీఎన్ఏ టెస్ట్ చేయించుకుంటే మ్యాచ్ లిస్టులో మాంట్రియల్‌లో ఉండే ఒకావిడ వచ్చింది, పేరు చూస్తే పూర్తి ఫ్రెంచి, 61 సెంటీమోర్గాన్లు (ఇద్దరి డీఎన్ఏ ఎంత కలిసిందో కొలిచే లెక్క అది) కలిశాయని చూపిస్తోంది. ఆవిడే ముందు మెసేజ్ పెట్టింది, మా అమ్మది గ్వాడెలూప్, మా పూర్వీకులు ఇండియా నుంచి వచ్చారు, మీరెవరు అని. మా తమ్ముడు అది మోసం అనుకుని నెలరోజులు రిప్లై ఇవ్వలేదు, నేనూ ఇవ్వొద్దనే చెప్పా. ఈ పోస్టులో మొదటి సారీ ఆవిడకే. రిప్లై లేకపోయినా ఓపిగ్గా ఇంకో రెండుసార్లు రాసింది కాబట్టి ఇవాళ ఈ పోస్టు ఉంది. గ్వాడెలూప్‌లోనే ఉన్న వాళ్ల చుట్టాలెవరూ టెస్ట్ చేయించుకోలేదు ఎందుకంటే అది ఫ్రాన్సు కింద లెక్క, ఫ్రాన్సులో సరదాకి డీఎన్ఏ టెస్ట్ చేయించుకుంటే 3,750 యూరోల దాకా ఫైన్ వెయ్యొచ్చట! ఆవిడ కెనడాలో ఉండబట్టి మనకి దొరికింది.

ఇక్కడ బయోటెక్ చదివిన మా ఫ్రెండ్‌కి థాంక్స్ చెప్పాలి. 61 అంటే మూడో తరం కజిన్ అయ్యుండొచ్చు అని సైట్ చెప్తుంటే మా లెక్కలో ఎక్కడా కుదిరేది కాదు, మా తరాల లెక్క ప్రకారం నాలుగో తరం కజిన్ అవ్వాలి, వాళ్లకి సగటున 35 దగ్గర ఉంటుందంట. వీడు ఒకటే ప్రశ్న అడిగాడు, మీ ఇంట్లో మేనరికాలు ఉన్నాయా అని. లేకపోవడం ఏంట్రా, మా ముత్తాత చేసుకున్నదే సొంత మేనత్త కూతుర్ని అన్నా. అయితే మీరు ముత్తాత వైపు నుంచీ ఆయన భార్య వైపు నుంచీ రెండుసార్లు అదే ఇంటి పిల్లలు, అందుకే డబుల్ దగ్గరగా కనపడుతోంది అని తేల్చేశాడు. ఈ సైట్ల లెక్కలు తెల్లవాళ్ల పెళ్లిళ్లని బట్టి వేసినట్టున్నాయి, మనవాళ్లు వాడేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి, సైట్ ఎంత దగ్గర చుట్టం అని చూపిస్తే దానికి ఒక తరం అవతల కూడా వెతకండి.

సరే, రక్తం కలిసింది, కాయితం కావాలి కదా. గ్వాడెలూప్ పాత రిజిస్టర్లు, అంటే పుట్టుకలు పెళ్లిళ్లు చావులు, ఫ్రాన్సులో ఎక్స్-ఆన్-ప్రోవాన్స్ అనే ఊళ్లో ఉన్న ఓవర్సీస్ ఆర్కైవ్స్ వాళ్లు స్కాన్ చేసి నెట్‌లో ఫ్రీగా పెట్టారు, మన యానాం రిజిస్టర్లు కూడా అందులోనే ఉన్నాయి, యనాఓన్ అని వెతకాలి. మాంట్రియల్ ఆవిడ వాళ్ల అమ్మకి ముత్తాత ఊరు సాంఫ్రాన్స్వా అని, చెరుకు తోటలో పనిచేశాడని తెలుసు, అంతకంటే తెలీదు. నేను ఫోన్లో ట్రాన్స్‌లేట్ యాప్ పెట్టుకుని రాత్రుళ్లు కూర్చుని ఆయన కొడుకు పుట్టిన ఎంట్రీ పట్టుకున్నా. 1864 అని చదివా. అందులో తండ్రి గురించి ఒక మాట ఉంటే యాప్ దానికి రైతు అని అర్థం చెప్పింది, ఇంటికి ఫోన్ చేసి ఓడతాత అక్కడ భూమి కొన్నాడ్రా అని చెప్పా, మా నాన్న నలుగురికీ చెప్పుకున్నాడు కూడా. పైగా 1864 ప్రకారం లెక్కేసుకుని అంతకుముందు వచ్చిన ఓడల లిస్టులన్నీ నాలుగు నెలలు జల్లెడ పట్టా. ఎక్కడా లేడు.

అప్పుడు దొరికారు యానాంలో మా ఫ్రెంచి మాష్టారు. రిటైరయి చాలా ఏళ్లయింది, కళ్లద్దాల మీద ఇంకో భూతద్దం పెట్టుకుని చదువుతారు. నేను ప్రింట్ తీసుకెళ్లిన కాయితం చూసి రెండో నిమిషంలో నవ్వారు. ఆ రోజుల్లో వాళ్లు ఏడాదిని అంకెల్లో రాయరు, అక్షరాల్లో రాస్తారు. ఫ్రెంచి వాళ్లకి డెబ్బైకి మాట లేదట, అరవై పది అంటారు, డెబ్బై నాలుగుకి అరవై పధ్నాలుగు. నేను ఆ సోయ్‌సాంత్ అన్న ముక్క దగ్గరే ఆగిపోయి పక్కనున్న పధ్నాలుగుని నాలుగు అనుకున్నా. అది 1864 కాదు బాబూ, 1874 అన్నారు. పదేళ్లు! అలాగే రైతు సంగతి, ఆ కాలంలో ఆ దీవుల్లో తోటలో పనిచేసే కూలీని కూడా కల్టివేటర్ అనే రాసేవారట. మా నాన్నకి ఆ విషయం చెప్పడానికి రెండు రోజులు పట్టింది నాకు. మాష్టారు మొత్తం పదకొండు పేజీలు చదివి పెట్టారు, టీ తప్ప ఏమీ పుచ్చుకోలేదు. అంతకుముందు ఒక ఏజెన్సీ వాళ్లు ఈ పనికే నలభై వేలు అడిగి, అడ్వాన్స్ తీసుకుని, యాప్‌లో వచ్చేదే ప్రింట్ తీసి పంపారు, అందుకని ఆ టీ విలువ నాకు తెలుసు.

1874 ఎంట్రీలో ఇంకో వరస ఉంది, మాష్టారు దాన్ని చదివినప్పుడు మాత్రం ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. తండ్రి వయసు 29, ఇండియన్, మాట్రికుల్ నంబరు (వలస వచ్చినవాళ్ల రిజిస్టర్లో నంబరు) ఇంత, పుట్టింది యనాఓన్.

ఆ నంబరు పట్టుకుని గ్వాడెలూప్‌లో గూర్‌బేర్ అనే చోట ఉన్న ఆర్కైవ్స్‌కి వెళ్లాలి, ఎందుకంటే అన్నీ నెట్‌లో లేవు. అక్కడ ఒక స్కూల్ టీచరమ్మ, ఆవిడకి మేం ఏమీ కాము, భారతీయుల పూర్వీకుల మీద సొంత ఆసక్తితో పనిచేస్తుంది, రెండు శనివారాలు ముందు తన ఊరి మునిసిపాలిటీలో కనుక్కుని, తర్వాత సెలవు పెట్టుకుని మరీ వెళ్లి వలస వచ్చినవాళ్ల రిజిస్టర్లో ఆ నంబరు వెతికి ఫోటో పంపింది. పేరు, తండ్రి పేరు, వయసు, ఎక్కిన ఓడ, అప్పగించిన తోట. తండ్రి పేరు మా వంశవృక్షంలో ఉన్నదే. ఇంటిపేరు లేదు, రాసుకున్నవాడికి అది అక్కర్లేదు. మెర్సీ మదామ్, మీకు తెలుగు రాదు కానీ ఎవరో ఒకరు చదివి చెప్తారని రాస్తున్నా.

ఆవిడ పంపినవీ మాష్టారు చెప్పినవీ కలుపుకుంటే నాకు అర్థమయింది ఇది. 1848లో ఫ్రెంచి వాళ్లు తమ దీవుల్లో బానిసత్వం ఎత్తేశారు. విడుదలయిన నల్లవాళ్లు చాలామంది మళ్లీ ఆ తోటల మొహం చూడనన్నారు (ఎందుకు చూస్తారు చెప్పండి), దాంతో చెరుకు నరకడానికి మనవాళ్ల మీద పడ్డారు. ఒరేలీ అనే ఓడ 1854 డిసెంబర్ 24న మొదటి విడత మనవాళ్లని గ్వాడెలూప్‌లో దింపింది. క్రిస్మస్ ముందు రోజు, పాపం ఏ ఊరో ఏ పండగో తెలియకుండా దిగుంటారు. అక్కణ్ణుంచి బ్రిటిష్ వాళ్లు 1888లో ఆపించేదాకా దాదాపు 42 వేల మందిని తీసుకెళ్లారు, ఎక్కువమంది పాండిచ్చేరి, కారైకాల్ వైపు నుంచి, అందులో అరవవాళ్లే ఎక్కువ, మన తెలుగువాళ్లు కొంతమంది. 1861లో ఇంగ్లీషు వాళ్లతో ఒప్పందం కుదిరాక బ్రిటిష్ ఇలాకాలో కూడా మనుషుల్ని పట్టుకోడానికి లైసెన్స్ వచ్చింది. ఐదేళ్ల కాంట్రాక్టు, తర్వాత ఉచితంగా వెనక్కి పంపాలని రూలు. ఆఫ్రికా కింద నుంచి చుట్టి మూడు నెలల ప్రయాణం. అంటే మేం నూట యాభై ఏళ్లు తూర్పుకి విస్తరి వేస్తే ఆయన పోయింది పడమటికి. వెనక్కి ఎందుకు రాలేదో ఏ కాయితంలోనూ లేదు. 1874లో కొడుకు పుట్టాడు, అదే కారణం అయ్యుంటుందని నా ఊహ.

కొడుకు పేరు పక్కన తండ్రి పేరు రాశారు కదా, అదే వాళ్ల ఇంటిపేరు అయిపోయింది. అక్కడ చాలామంది భారతీయులకి అలాగే అయిందట. ఇవాళ సాంఫ్రాన్స్వాలో ఉన్న మా వాళ్ల ఇంటిపేరు ఏంటంటే ఓడతాత సొంత పేరు. చివర అక్షరం ఒకటి ఎగిరిపోయింది, ఫ్రెంచి స్పెల్లింగ్ తగిలింది, కానీ గట్టిగా పలికితే మనదే. ఆ పేరు ఇక్కడ రాయట్లేదు, వాళ్లు వద్దన్నారు. వాళ్లు ఇన్నాళ్లూ తమది తమిళ కుటుంబం అనుకుంటున్నారు, ఎందుకంటే అక్కడ గుళ్లో పూజ, పాట అన్నీ తమిళమే, మాలియెమిన్ అని అమ్మవారు, మన మరిడమ్మ లాగే మేకపోతుని ఇస్తారు. నేను తెలుగు అంటే అదేంటి అని అడిగారు. ఇంకో మాట అడిగారు, కూలీ అంటే అసలు అర్థం ఏంటి అని. చిన్నప్పుడు స్కూల్లో వాళ్లని ఏడిపించడానికి పిలిచే మాటట అది. మాకు కూలి అంటే చేసిన పనికి రావాల్సిన డబ్బులండి అని చెప్పా. అత్తయ్య, అంటే మాంట్రియల్ ఆవిడ వాళ్లమ్మ, అది విని చాలాసేపు ఊరుకుంది. అక్కడే పుట్టిన భారతీయులకి కూడా ఓటు హక్కు లేకపోతే ఆన్రీ సిదంబరం అనే ఆయన 1904లో కోర్టుకెక్కి 1923 దాకా పోరాడి సాధించాడని, వాళ్ల నాన్న ఆయన పేరు చెప్పి దండం పెట్టేవాడని అప్పుడు చెప్పింది.

అత్తయ్య అన్నా కదా, ఆ వరస కలిపింది మా మామ్మ. మా నాన్నకి మేనత్త, 88 ఏళ్లు, అసలు ఓడతాత విస్తరి సంగతి నోటితో చెప్పగలిగింది ఇప్పుడు ఆవిడొక్కతే, కాబట్టి అసలు థాంక్స్ ఆవిడకి. మొదటి వీడియో కాల్ మనకి రాత్రి ఏడున్నర, వాళ్లకి పొద్దున్న పది. ఇటు నేను, నాన్న, మామ్మ, మాష్టారు దుబాసీగా. అటు మాంట్రియల్ ఆవిడ, సాంఫ్రాన్స్వా నుంచి వాళ్లమ్మ. మేం అందరం కజిన్ కజిన్ అనుకుంటూ ఉంటే మామ్మకి విసుగొచ్చింది. మగవాళ్ల వైపు నుంచి వచ్చిన పిల్ల కదా ఆవిడ, అంటే మనింటి ఆడపడుచు, వీడికి అత్త, ఆవిడ కూతురు వీడికి వదిన వరస అని ఒక్క నిమిషంలో సెటిల్ చేసింది. డీఎన్ఏ సైట్‌కి రెండేళ్లు పట్టిందండి ఆ లెక్కకి.

విస్తరి సంగతి మాష్టారు ఫ్రెంచిలో చెప్పినప్పుడు అత్తయ్య లేచి ఫోన్ పట్టుకుని లోపలికి వెళ్లి ఒక ఫోటో తెచ్చి చూపించింది. నవంబర్ మొదట్లో క్రైస్తవుల చనిపోయినవాళ్ల పండగ వస్తుంది కదా, అప్పుడు వీళ్లు సంబ్లాని అని చేస్తారట, అరటాకు మీద పోయినవాళ్లకి ఇష్టమైనవన్నీ వండి పెడతారు, కొలొంబో అని మన మసాలా కూర లాంటిది కూడా. ఫోటోలో చాలా ఆకులున్నాయి.

మొన్న సంక్రాంతికి ఓడతాత విస్తరి లోపలికి వచ్చింది. మామ్మే వేసింది.

ఇంక కాకినాడలో జిరాక్సులు, స్కాన్లు తీసిపెట్టిన కుర్రాడికి, పాత కరణం గారి ఇంట్లో అటక మీద కాయితాలు దింపి చూడనిచ్చిన వాళ్ల కోడలికి, రంగం కాదేమో ఫ్రెంచి వైపు చూడు అని మొదట అన్న నా కొలీగ్‌కి (నేను కొట్టిపారేశాను, సారీ రా) అందరికీ థాంక్స్. ఎవరిదైనా యానాం, తాళ్లరేవు, నీలపల్లి, ఇంజరం వైపు ఇలా ఓడెక్కిపోయిన మనిషి ఉంటే చెప్పండి, రిజిస్టర్లు ఎలా వెతకాలో నేను కూర్చుని చూపిస్తా, అరవై పధ్నాలుగు దగ్గర మాత్రం మాష్టారి దగ్గరికి పోవాల్సిందే.

చివరగా ఒక సాయం. ఆడపడుచు అని తేలాక మామ్మ ఊరుకోదు కదా, నూట యాభై ఏళ్ల సారె బాకీ ఉన్నాం అని పట్టుబట్టి ఉప్పాడ చీర, పసుపు కుంకాలు, తాపేశ్వరం కాజాలు ప్యాక్ చేయించింది. కాజాలు అంత దూరం పాడవకుండా, కస్టమ్స్‌లో ఆగకుండా పంపిన అనుభవం ఎవరికైనా ఉంటే ఇన్‌బాక్స్ చేయండి, డబ్బా ఇంకా మా హాల్లోనే ఉంది, మామ్మ రోజూ అడుగుతోంది.